ఎవరూ మర్లి చూడని పేరు

నిన్న పొద్దున పెరట్లో నిలబడి "సాలమ్మా, ఓ సాలమ్మా" అని గట్టిగా పిలిచాను. పక్కింటి కోడలు గోడ మీదుగా తల ఎత్తి, "మా అత్త ఊర్లె లేదు టీచరమ్మా, బిడ్డ ఇంటికి పోయింది. ఏం పని?" అంది. పనేం లేదు. నేను రాస్తున్న కథలో ఒక గయ్యాళి ముసలమ్మ ఉంది, ఆమెకో పేరు కావాలి. పక్కింటి ముసలామెను ఊరంతా పటేలమ్మ అంటుంది గనక ఆమె పేరు సాలమ్మ అని నాకు తెలియనే తెలియదు. పిలిచి చూసుకోకుండా రాసేసి ఉంటే ఈ గోడ మీద నుంచి నాకు కూరాకు కూడా వచ్చేది కాదు. ఆ పేరు కొట్టేసి వచ్చి కూచున్నాను. కూచోలేక మళ్లీ లేచాను.

ఈ పిలిచి చూసే అలవాటు నా సొంతం కాదు. మందమర్రి బొగ్గుబాయి కాలనీలో నాటకాలు రాసిన ఒకాయన దగ్గర అంటుకున్నది. ఆయన పోయాడని మొన్న కబురొచ్చింది. మా ఇంటాయన కండువా భుజాన వేసుకొని అప్పటికప్పుడు సుల్తానాబాద్ పోయి బండెక్కాడు. నేను పోలేదు. బడికి సెలవు దొరకలేదని అడిగినవాళ్లకు చెబుతున్నాను గానీ, ఆ మనిషి కదలకుండా పడుకొని ఉంటే చూడటం నావల్ల కాదు. నేనెరిగినన్నాళ్లలో ఆయన ఒకచోట కుదురుగా నిలబడగా చూసింది ఒక్కసారే. మా ఇంటాయన ఇంకా తిరిగి రాలేదు. అన్నం వండి మూత పెట్టి, వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఇది రాస్తున్నాను.

ఆయన పని ల్యాంపురూములో. బాయి దిగేవాళ్లకు కిటికీలోంచి దీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకొని పెట్టడం. పొడుగు మనిషి, బక్క మనిషి. నడుస్తుంటే తల ముందు పోయేది, ఒళ్లు వెనక వచ్చేది. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. బాయి మీద వెలిగించనివ్వరు, ఇంటికొచ్చాక ఆయనకు గుర్తుండదు. చాయ్ నిలబడే తాగేవాడు, అన్నం కూడా పళ్లెం చేతిలో పట్టుకొని తిరుగుతూ తినేవాడు. "జర కూసో అన్నా" అంటే, "కూసుంటె వాళ్లు లేచి పోతరు చెల్లె" అనేవాడు. వాళ్లు అంటే ఆయన తలకాయలో తిరుగుతున్న నాటకపు మనుషులు.

పెళ్లాం పిల్లలు లేరు. మాటల్లో అక్కడక్కడా మరాఠీ దొర్లేది గనక ఆదిలాబాద్ అవతలివాడని కొందరనేవారు. రజాకార్ల గడబిడలో ఊరు విడిచి వచ్చాడని కొందరు. ఆయన్నే అడిగితే, "నా కథ మంచిగుండది, ఇడిసిపెట్టుండ్లి" అని నడక సాగించేవాడు.

కాయితం మీద రాయాలంటే కూచోవాలి. అందుకని ఇంటి గోడల మీద రాసేవాడు. రాయడానికి బొగ్గు ముక్కలు, ఆ ఊళ్లో బొగ్గుకు కరువా? రాస్తూ నడిచేవాడు. మాటలు తలుపు దాకా పోయి ఆగి, తలుపు అవతల మళ్లీ మొదలయ్యేవి. దసరాకు నాటకం ఆడటం, అయిపోగానే గోడలకు సున్నం కొట్టడం. అట్లా ఆయన నాటకాలు ఒక్కటీ మిగలలేదు. "ఎందుకన్నా చెరిపేస్తవ్" అని ఒకసారి గట్టిగానే కోప్పడ్డాను. "మల్ల ఏడు యేడ రాయాలె మరి?" అన్నాడు.

మనుషుల్ని పుట్టించడం గురించి ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. నడక ఒకనిది తీసుకోవాలి, దగ్గు ఇంకొకనిది, కోపం వేరొకనిది. "ఒక్కని దగ్గర్నే మొత్తం తీస్కుంటె దొంగతనం. నలుగురి దగ్గర తీస్కుంటె చందా" అనేవాడు. మా వాడలో ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు అంచు నోట్లో పెట్టుకొని నమిలేది. ఆ ఏడు నాటకంలో మహారాణి కొంగు నమిలింది. ఆమె ముందు వరుసలో కూచొని కడుపు పట్టుకొని నవ్వింది గానీ అది తనదని గుర్తుపట్టలేదు.

పేరు దగ్గరికొచ్చేసరికి చందా నడవదు. పేరు మొత్తం ఒకరిదే అవుతుంది. ఒక దసరాకు ఆయన తాగుబోతు వేషానికి రాజయ్య అని పెట్టాడు. కాలనీలో ఎందరు రాజయ్యలున్నారో ఆ రోజే తెలిసింది. ఎన్నడూ పలకరించుకోని వాళ్లు కూడా ఒక్కటై వచ్చి తెర గుంజేశారు. అప్పటి నుంచి పరీక్ష మొదలుపెట్టాడు. అంగడి రోజు గాజులవాళ్ల దుకాణం పక్కన ఒక బండరాయి మీదికెక్కి, తాను అనుకున్న పేరు పెట్టి కేకేస్తాడు. జనంలో ఎవరైనా మర్లి చూశారా, ఆ పేరు రద్దు. "మర్లి సూసిన్రంటె ఆ పేరుకు మనిషున్నట్టు. ఉన్నోని పేరు నాకెందుకు? ఎవలు మర్లి సూడనిదే నాది" అనేవాడు. బాయికి అన్ని దిక్కుల జనం వచ్చేవారు, కరీంనగర్ పల్లెలవాళ్లు, గోండ్లు, గోదావరి అవతలివాళ్లు, హిందీ మాట్లాడేవాళ్లు. ఏ పేరు పిలిచినా ఎవడో ఒకడు పలికేవాడు. ఆడవాళ్లం బుట్టలు పట్టుకొని పోతూ, "ఇయ్యాల ఎవలు పుడుతున్నరన్నా" అని వేళాకోళం చేసేవాళ్లం. ఆయన పట్టించుకునేవాడు కాదు, తల ముందుకు పెట్టి జనంలోకి చూసేవాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. బాయి మానేసి ఈ ఊళ్లో భూమి కొనుక్కొని దున్నుకుంటున్నాం గనక ఇప్పుడు చెప్పినా పోయేదేం లేదు.

మా ఇంటాయన పేరు ఇస్తారి. ఖానాపూర్ దిక్కు ఊరు. మా అత్తకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. ఈయన పుట్టినప్పుడు, భోజనాలయ్యాక పారేసిన ఎంగిలి ఇస్తార్ల మీద, అంటే విస్తరాకుల మీద, పండబెట్టి పొర్లించి, ఆ పేరు పెట్టుకున్నారు. పారేసిన దాని మీద చావుకు కన్ను పడదని నమ్మకం. మా దిక్కు పెంటయ్యలు కూడా అట్లా బతికినవాళ్లే. అందుకే మా అత్త లెక్కలో అది వట్టి పేరు కాదు, కొడుకు మెడలో కట్టిన తాయెత్తు.

మరి బాయిలో ఈయన పేరు లింగయ్య. లింగయ్య అంటే మా చిన్నమామ కొడుకు. కొలువు దొరికింది అతనికి, ఇత్తడి బిల్ల మీద నంబరు పడింది అతని పేరు మీద. కొన్నాళ్లు బాయి దిగి, ఆ చీకటికి జడిసి, అత్తగారి ఊరికి పారిపోయి మళ్లీ రాలేదు. ఆ బిల్ల తీసుకొని మా ఆయన దిగాడు. అట్లా మారుపేర్లతో దిగినవాళ్లు ఇంకా ఉన్నారు, ఎవరి సంగతి వారికే ఎరుక. నేను కూడా బయట "మా లింగయ్య" అనే అనేదాన్ని. మా అత్త మాత్రం అనలేదు. పండగకు కాలనీకొస్తే "ఓ పిలగా" అని పిలిచేది. చెవి దగ్గర నోరు పెట్టి నాతో మాత్రం పోట్లాడేది.

"వేరేటోని పేరు మీదేసుకొని పాతాళానికి దిగవడితిరి. రేపు మీదికెళ్లి బండ వడితె దేవుడు ఎవన్ని కాపాడాలె? లింగయ్యనా?"

సైరన్ కూసి షిఫ్టు మారేదాకా నాకూ అదే ఫికరు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, ఒక ఎండాకాలం చివర, బాయి మీద మారుపేరు వాళ్లను ఏరివేయడం మొదలైంది. హాజరు తీసుకునే మున్షీ బిల్ల చూసి, మొహం చూసి, ఊరేది, తండ్రి పేరేది అని అడిగేవాడు. చెడ్డవాడని అనను, ఆయన కూడు ఆయనది. అంగడిలో కనపడ్డా నేను మాత్రం మొహం తిప్పుకునేదాన్ని. ఒక అంగడి రోజు అట్లాగే కనపడ్డాడు, మాకు కొద్ది దూరంలోనే మిరపకాయలు ఏరుతున్నాడు. మా ఇంటాయన ఉల్లిగడ్డలు తూకం వేయించుకుంటున్నాడు. బండరాయి మీద నుంచి కేక వినిపించింది.

"ఇస్తారీ! ఓ ఇస్తారీ!"

మా ఇంటాయన మర్లి చూశాడు. చూసి ఊరుకోలేదు, "ఆఁ" అని పలికాడు కూడా. అన్నేళ్లుగా ఎవరూ పిలవని పేరు, పిలవగానే నోరు దానంతటదే పలికింది. ఇంకెవరూ మర్లి చూడలేదు. మున్షీ చేతిలో మిరపకాయలు పట్టుకొనే ఈయన్ని చూశాడు.

"ఏం లింగయ్యా, నీ పేరు ఇస్తారెప్పుడయింది?"

నా చేతిలో సంచి జారింది. ఆ ఉల్లిగడ్డలు ఎటు దొర్లుతున్నాయో కూడా నేను చూడలేదు. నాటకాలాయన రాయి మీద నుంచి దిగి, తల ముందు పెట్టుకొని గబగబా వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"నేనే వెట్టిన పేరు మున్షీసాబ్. ఈ ఏడు నాటకంల ఇస్తారి ఏషం ఈనదే. పేరు అలవాటయ్యెదాక యేడ గనవడితె ఆడ పిలుస్తున్న."

"లింగయ్యకు నాటకమా? ఈన నోట్లె నాలికున్నదా అసలు?"

"అందుకే గా ఏషం. మాటలు తక్కువ."

"మంచిది. దసరకు ముందటనే కూసుంట" అన్నాడు మున్షీ. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నమ్మాలో వద్దో తెలియక నేను పడ్డ పరేషాన్ అంతా ఇంతా కాదు.

అంటే ఇక నాటకం ఆడాలి. ఆడకపోతే దొరికిపోతాడు, ఆడలేకపోయినా దొరికిపోతాడు. కొలువు పోతే మాకు గుంటెడు భూమి కూడా అప్పటికి లేదు. మా ఇంటాయన నాతో మాట్లాడటానికే రెండుసార్లు గొంతు సవరించుకునే మనిషి.

దానికి తోడు, ఆ వేషం పిరికివాడిదని ఎవరో చెప్పారు. బాయిలో పైకప్పు కూలుతుంటే జతగాణ్ణి వదిలి పారిపోయేవాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ఇంటికే పోయాను. ఆయన గోడ మీద రాస్తూ నడుస్తున్నాడు. నేను వెనకే నడుస్తూ పోట్లాడాను.

"మమ్ముల కాపాడినవ్, మంచిదే అన్నా. గాని మా ఆయన పేరు పిరికోనికి పెడ్తవా? దసరకు మా అత్తొస్తది. ఆమె ముందట ఆ పేరు వెట్టి తిడ్తరా?"

"పేరు మీది గావచ్చు చెల్లె, మనిషి నావోడు" అన్నాడు రాత ఆపకుండా. "ఆయనకు ధైర్నం బెడ్తె అబద్ధమైతది. బాయిల కప్పు కూలితె ఉరకనోడు ఎవడు?"

"ఆ పేరు ఉత్తగ వెట్టింది గాదు" అని ఎంగిలి ఇస్తార్ల సంగతి చెప్పాను. చచ్చిపోయిన పిల్లల సంగతి చెప్పాను. దేవుడు ఎవన్ని కాపాడాలె అని మా అత్త అడిగిన మాట చెప్పాను.

ఆయన ఆగాడు. బొగ్గు ముక్క చేతిలో పట్టుకొని, గోడకు మొహం పెట్టి, కదలకుండా నిలబడ్డాడు. నేను చూసిన ఆ ఒక్కసారి అదే. ఎంతసేపు అట్లా నిలబడ్డాడో, నాకే భయం వేసి "అన్నా" అన్నాను. అప్పుడు గోనెసంచి నీళ్లలో ముంచి తెచ్చి గోడ తుడవడం మొదలుపెట్టాడు.

"ఉరుకుడు ఉరుకుతడు. అది మార్చ" అన్నాడు తుడుస్తూ. "కిందికెళ్లి జతగాడు పేరు వట్టి పిలుస్తడు. మర్లి సూస్తడు. మర్లి లోపటికి పోతడు. అంగట్ల మీ ఆయన మర్లి సూసిండు సూడు, భయం ఎరుకుండి గూడ. అంతకన్న మంచిది నాకు యేడ దొరకాలె?"

"ఒక్కని దగ్గర్నే తీస్కుంటె దొంగతనం అన్నవ్ గదా" అన్నాను, కోపం ఇంకా పూర్తిగా దిగక.

"అవు. ఇది దొంగతనమే" అన్నాడు.

షిఫ్టు అయిపోయాక మధ్యాహ్నాలు రిహార్సలు. ఈయనకు ఉన్నది పారిపోవడం, పిలిస్తే మర్లడం. అదీ వచ్చేది కాదు. జతగాడు నోరు తెరవకముందే మర్లేవాడు, పాపం ఎప్పుడు పిలుస్తారోనని చెవులన్నీ అక్కడే. నాటకాలాయన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పేవాడు. "పిలువంగనే మర్లకు. ఇనవడ్డది, గాని కాలు ఇంక ఉరుకుతనే ఉన్నది. ఒక అడుగెయ్యి. అప్పుడు మర్లు." ఇంటికొచ్చి కూడా ఈయన వాకిట్లో నడిచేవాడు. నేను పొయ్యి ముందు నుంచి పిలవాలి, అదీ గొంతు తగ్గించి. పెళ్లాన్ని, మొగుడి పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. సిగ్గుపడుతూనే పిలిచాను.

దసరా రోజు పొద్దుగూకగానే ఆట మొదలైంది. బాయి దుంగలతో కట్టిన స్టేజీ, పైన టార్పాలిన్. మున్షీ అన్నమాట ప్రకారం ముందటనే కూచున్నాడు. ఆడవాళ్ల దిక్కు నేను, నా పక్కన మా అత్త. పొద్దటి నుంచీ ఆమెకు ఒకటే చెప్పి పెట్టాను, ఏం జరిగినా నోరు తెరవొద్దని. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని కూచుంది. స్టేజీ మీద వాళ్లు కొడుకును ఇస్తారీ ఇస్తారీ అంటున్న కొద్దీ నా చెయ్యి పట్టుకొని పిసికింది.

కప్పు కూలే ఘట్టం వచ్చింది. డప్పుల మోత, బొగ్గు దుమ్ము. జతగాడు దుంగల కింద పడ్డాడు. మా ఇంటాయన ఉరికాడు. ఇప్పుడు పిలవాలి. పిలుపు రాలేదు. ఈయన స్టేజీ చివరి దాకా వచ్చేశాడు, ఇంకొక అడుగు వేస్తే కిందికి దిగిపోవాలి. వెనక్కి చూడకుండా, కాలు ఎత్తీ ఎత్తకుండా అట్లా ఉన్నాడు. మున్షీ ముందుకు వంగాడు. ఎవరైనా పిలవండయ్యా అని లోపల మొత్తుకుంటున్నాను.

నా పక్కన మా అత్త లేచి నిలబడింది.

"ఇస్తారీ! ఓ కొడుకా, ఇస్తారీ! మర్లి రా బిడ్డా!"

ఈయన ఒక అడుగు వేశాడు. అప్పుడు మర్లాడు. ఆ మొహం ఏడుపుతో నిండి ఉంది, వేషం కాదని నాకు తెలుసు. మర్లి, దుమ్ములోకి ఉరికాడు. జనం ఒక్కసారి లేచారు. ముసలామె నాటకంలో లీనమైపోయిందని అందరూ అనుకున్నారు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా ఏడుస్తూ "ఇస్తారీ, ఇస్తారీ" అని అరవసాగారు. మున్షీ కండువాతో మొహం తుడుచుకోవడం నేను కళ్లారా చూశాను.

మర్నాటి నుంచి కాలనీలో ఆయన్ను లింగయ్య అన్నవాడు లేడు. వేషం పేరు మనిషికి అతుక్కోవడం అక్కడ మామూలే. చాయ్ దుకాణంలో ఇస్తారి, బాయి లోపల ఇస్తారి. మున్షీ కూడా బిల్ల మీద లింగయ్య అని చదివి, "పో ఇస్తారీ, పో" అని పంపేవాడు. మా అత్త ఖానాపూర్ పోయే రోజు బస్సు కిటికీలోంచి ఆ పేరు పెట్టి ఊరంతా వినేటట్టు పిలిచింది. చెప్పాల్సింది ఏమీ లేదు, ఉత్తగానే పిలిచింది.

జతగాడి వేషం వేసినవాడు తర్వాత చెప్పాడు. పిలవబోతుంటే దుంగల వెనక నుంచి నాటకాలాయన చెయ్యి వచ్చి నోరు మూసిందట. నేను ఊరుకుంటానా? సున్నం కొడుతున్న ఆయన్ని పోయి పట్టుకున్నాను.

"ఆమె పిలువకపోతె? మా కూడు పోతుండె గదా అన్నా."

"పోతుండె" అన్నాడు బ్రష్షు ఆపకుండా. "నాకు గూడ చెమటలు వట్టినయ్. గాని ఆ పేరు ఆమె వెట్టింది. ఆమె ఉండంగ ఇంకోనితోని పిలిపియ్య నేనెవన్ని?"

నాకు ఇప్పటికీ సగం కోపమే. మా బతుకు తీసి తన నాటకంలో పెట్టి ఆడాడు. మిగతా సగం ఏమిటో రాయడానికి మాట దొరకడం లేదు. నేను కథలు రాస్తున్నానంటే ఆ సున్నం కొట్టిన గోడల వల్లనే.

ఇంత రాసేసరికి మా ఇంటాయన వచ్చాడు. కాళ్లు కడుక్కొని, గోడకు ఆనుకొని, నేనిచ్చిన సల్ల తాగకుండా పక్కన పెట్టుకున్నాడు. నేనే అడగాల్సి వచ్చింది.

"నాటకపోళ్లంత వచ్చిన్రు. మున్షీ గూడ వచ్చిండు, ముసలోడైండు" అన్నాడు. సల్ల గ్లాసు ఇంకొంచెం పక్కకు జరిపాడు. "దింపుడు కల్లం కాడ పాడె దించినం."

అక్కడ పాడె దించి, దగ్గరివాళ్లు చెవిలో పేరు పెట్టి పిలవాలి. ప్రాణం ఎక్కడైనా ఆగి ఉంటే పేరు విని మర్లి వస్తుందని ఆశ. ఆయనకు దగ్గరివాళ్లంటూ ఎవరున్నారు?

"బిల్ల మీది పేరు వెట్టి మున్షీ పిలిచిండు. పిలిచి లేచి, గిది ఈన పేరు గాదు, నాకెప్పటి నుంచో ఎరికే అన్నడు."

"మరి అసలు పేరేందట?"

"ఎవలకెరుక? ఎవలకు చెప్పలే. ఇగ ఒక్కొక్కలు వంగి, నాటకాలల్ల వాళ్ల ఏషం పేరు ఏదో అది పిలిచిన్రు. ఆయన వెట్టిన పేర్లే గదా అన్ని."

"నువ్వు?"

రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "నా పేరు వెట్టే పిలిచిన. ఇస్తారీ, ఓ ఇస్తారీ అని."

మా అత్త బతికుంటే శవం చెవిలో ఆ పేరు పడనిచ్చేది కాదు.

"పిలిచి వెంటనే లేచినవా?" అని అడిగాను.

"లేదు. పిలువంగనే మర్లొద్దు, ఒక అడుగేసి మర్లాలె అని ఆయననే చెప్పిండు గదా" అన్నాడు. "అందుకే జరసేపు ఆగిన."